షేల్, టైట్ గ్యాస్ బావుల్లో ఏ పీడన పరీక్షను ఎంచుకోవాలి?

మామూలు ఇసుకరాతి గ్యాస్ బావిలో పీడన పరీక్ష విషయమై పెద్దగా తర్జనభర్జన ఉండదు. బావిని ఒకటి రెండు రోజులు పారించి, ఆపై మూసి, అడుగున అమర్చిన గేజి దగ్గర పీడనం ఎలా కోలుకుంటుందో నమోదు చేస్తారు. ఆ కోలుకునే తీరును సరళరేఖగా మలచి చూసే పద్ధతిని హార్నర్ 1951లో ఇచ్చాడు. ఆ వక్రరేఖ డెరివేటివ్‌ను (మార్పు వేగాన్ని) లాగ్-లాగ్ పటంపై గీసి ప్రవాహ దశలను విడదీసే పద్ధతిని బూర్డే, ఆయన సహచరులు 1983లో వాడుకలోకి తెచ్చారు. ఈ రెండూ నేటికీ వెల్ టెస్టింగ్ ఇంజినీర్ల చేతిలో ఉన్న పనిముట్లే. చిక్కంతా షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి), టైట్ శాండ్ (గ్యాస్ సులువుగా పారని గట్టి ఇసుకరాయి) బావుల దగ్గర వస్తుంది. అక్కడ సూత్రాలు మారవు గానీ, అవి పనిచేయడానికి పట్టే కాలం పూర్తిగా మారిపోతుంది.

ఎంత మారుతుందో లెక్క వేసి చూడటం మేలు. సచ్ఛిద్రత (రాతిలో రంధ్రాల వాటా) 5 శాతం, గ్యాస్ స్నిగ్ధత 0.02 సెంటీపాయిజ్, మొత్తం సంపీడ్యత ఒక్కో పీఎస్ఐకి (చదరపు అంగుళానికి ఒక పౌండు పీడనానికి) 0.0002 అనుకుందాం. పారగమ్యత (రాతి గుండా ద్రవం, గ్యాస్ పారే సులువు) 1 మిల్లీడార్సీ ఉన్న పొరలో నెల రోజుల పరీక్ష బావి చుట్టూ సుమారు 530 మీటర్ల మేర పొర గురించి చెప్పగలదు. పారగమ్యత 100 నానోడార్సీలైతే, అంటే మిల్లీడార్సీలో పదివేల వంతైతే, మిగతా విలువలన్నీ అలాగే ఉంచినా, ఆ నెల రోజుల్లో మనకు తెలిసేది 5 మీటర్లకు కాస్త పైచిలుకు మాత్రమే. ఏడాది పొడవునా బావి మూసి ఉంచినా అది 19 మీటర్లు దాటదు. ఏడాదిపాటు అమ్మకం వదులుకుని 19 మీటర్ల సమాచారం కొనుక్కునే సంస్థ ఎక్కడా ఉండదు. షేల్ బావులకు వేరే పరీక్షలు అవసరమైంది ఈ లెక్క వల్లే, ఏ పరీక్షను ఎంచుకున్నా మొదట వేసుకోవలసిన లెక్కా ఇదే.

ఏ పరీక్ష మంచిదన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదు. ఫలితం మీద ఏ నిర్ణయం ఆధారపడి ఉందో ముందు తేల్చుకోవాలి. ఫ్రాక్ (పీడనంతో ద్రవం పంపి రాతిని పగలగొట్టడం) పంపింగ్ పీడనాన్ని, ప్రాపెంట్ (పగులు మూసుకోకుండా నిలిపే ఇసుక లాంటి రేణువులు) రకాన్ని నిర్ణయించాలంటే కావలసింది కనిష్ఠ క్షితిజ ప్రతిబలం, అంటే పగులు మూసుకునే పీడనం. పొరలో ఎంత గ్యాస్ ఉందో అంచనా వేయాలంటే కావలసింది పోర్ ప్రెజర్, అంటే రాతి రంధ్రాల్లోని పీడనం. బావుల మధ్య దూరం, ఫ్రాక్ దశల మధ్య దూరం తేల్చాలంటే పారగమ్యత కావాలి. చేసిన ఫ్రాక్ పనిచేసిందా లేదా అన్నది తెలియాలంటే పొరతో తాకిడి ఏర్పడిన పగులు వైశాల్యం కావాలి. ఒకే పరీక్షతో ఈ నాలుగూ రాబట్టాలని చూసినప్పుడే నివేదికల్లో తప్పులు దొర్లుతాయని నా అనుభవం.

ఫ్రాక్‌కు ముందు మూసి చూసే బిల్డప్ పరీక్షను షేల్‌లో పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే పగులు లేని షేల్ బావి కొలవదగినంత పారదు. టైట్ శాండ్‌ సంగతి వేరు. అమెరికాలో టైట్ గ్యాస్‌కు 0.1 మిల్లీడార్సీని గీతగా పెట్టారు. ఆ గీతకు పదో వంతున, అంటే 0.01 మిల్లీడార్సీ దగ్గర, పై లెక్క ప్రకారమే నెలకు 53 మీటర్లు, పది రోజులకు 30 మీటర్లు కనిపిస్తుంది. అన్వేషణ బావికి ఆ మాత్రం సమాచారం విలువైనదే. పెర్ఫరేషన్ (బావి గొట్టానికి రంధ్రాలు) చేసిన వెంటనే బావిని మూసి ఉంచి, లోపలికి చొరబడే కొద్దిపాటి గ్యాస్‌తో పెరిగే పీడనాన్ని చూసే చిన్న పరీక్ష కూడా ఉంది. పోర్ ప్రెజర్ కోసం అది చవకైన మార్గం. అయితే అది బావి గోడకు అతి దగ్గరి రాతినే పరీక్షిస్తుంది కాబట్టి దాన్నుంచి వచ్చే పారగమ్యతపై బరువైన నిర్ణయాలు పెట్టకూడదు.

షేల్ బావికి ఫ్రాక్‌కు ముందు చేయదగిన ప్రధాన పరీక్ష డయాగ్నస్టిక్ ఫ్రాక్చర్ ఇంజెక్షన్ టెస్ట్, వాడుకలో డీఫిట్. నిమిషానికి కొన్ని బ్యారెళ్ల చొప్పున కొద్ది నిమిషాలపాటు నీటిని పంపి, చిన్న పగులు తెరిచి, పంపు ఆపేసి, బావిని రోజులు, వీలైతే వారాలు కదపకుండా పీడనం పడిపోవడాన్ని నమోదు చేస్తారు. పంపు ఆగిన క్షణంలోని పీడనాన్ని ఐఎస్ఐపీ అంటారు. ఆ తరువాత పగులు మెల్లగా మూసుకుంటుంది, మూసుకున్నాక పొర స్పందన మొదలవుతుంది. బావి నుంచి ఉత్పత్తి లేకుండానే, గ్యాస్‌ను మండించకుండానే ప్రతిబలం, పోర్ ప్రెజర్ రెండూ రావడం దీని గొప్ప సుగుణం. పగులు రాతిని కొన్ని మీటర్ల లోతుకు తెరుస్తుంది కనుక బావి గోడ దగ్గర డ్రిల్లింగ్ బురద చేసిన నష్టం ఫలితాన్ని పెద్దగా ప్రభావితం చేయదు.

అయితే ఈ పరీక్షకు ఓపిక కావాలి. బావి స్థలంలో అన్నిటికన్నా తక్కువగా దొరికేది అదే. నేను దగ్గరుండి చూసిన ఒక బావిలో పంపింగ్ అయిదు నిమిషాల్లో ముగిసింది, మూసి ఉంచడానికి పన్నెండు రోజులు కేటాయించారు. గేజి బావి అడుగున కాకుండా వెల్‌హెడ్ మీదే ఉంది. ఆరో రోజు నుంచి పీడనం రోజుకు కొద్ది పీఎస్ఐలే పడుతోంది. పగలు ఎండకు వెల్‌హెడ్ పైపు వేడెక్కినప్పుడల్లా పీడనం రెండు మూడు పీఎస్ఐలు లేచి, రాత్రి మళ్లీ దిగేది. మామూలు గ్రాఫులో ఆ అలలు కంటికి ఆనవు. డెరివేటివ్ గీయగానే మాత్రం అవి కొండల్లా లేచి, మనం వెతుకుతున్న వాలును పూర్తిగా కప్పేశాయి. దానికి తోడు తొమ్మిదో రోజు ఎవరో రెండో గేజి బిగించడానికి పక్క వాల్వు కొద్దిగా తెరిచారు. ఒక్కసారిగా 40 పీఎస్ఐ పడిపోయింది, ఆ తరువాతి మూడు రోజుల సమాచారం ఎందుకూ పనికిరాలేదు. ఆ బావికి పోర్ ప్రెజర్‌ను చివరికి పక్క బావి డ్రిల్లింగ్ బురద బరువు నుంచి ఊహించి రాయవలసి వచ్చింది. ఆ తరువాత నేను రాసిన ప్రతి ప్రోగ్రామ్‌లోనూ రెండో గేజిని పంపింగ్‌కు ముందే బిగించాలనీ, వాల్వులకు తాళం వేసి బోర్డు తగిలించాలనీ స్పష్టంగా పెడుతున్నాను.

వెల్‌హెడ్ గేజి సరిపోతుందా, అడుగు గేజి కావాలా అన్నది పోర్ ప్రెజర్ గ్రేడియంట్‌ను బట్టి తేల్చాలి. మంచినీటి స్తంభం అడుగుకు 0.433 పీఎస్ఐ బరువు ఇస్తుంది. అమెరికాలోని హేన్స్‌విల్ షేల్‌లో లాగా పోర్ ప్రెజర్ అడుగుకు 0.8 పీఎస్ఐని మించితే వెల్‌హెడ్ దగ్గర పీడనం ఎప్పుడూ నిలిచే ఉంటుంది కాబట్టి నాణ్యమైన క్వార్ట్జ్ గేజి పైన ఉన్నా చాలు. పోర్ ప్రెజర్ నీటి గ్రేడియంట్ కంటే తక్కువని అనుమానం ఉంటే, పరీక్ష మధ్యలో నీటిమట్టం కిందికి జారి వెల్‌హెడ్ శూన్యానికి వచ్చేస్తుంది, అక్కడి నుంచి పైగేజికి ఏమీ తెలియదు. అలాంటి బావిలో అడుగు గేజికి డబ్బు లేదంటే డీఫిట్ మానుకోవడమే నయం.

పరీక్ష చక్కగా జరిగినా అసలైన ఎంపిక ఇంకా మిగిలే ఉంటుంది. పగులు ఎక్కడ మూసుకుందో గుర్తించడానికి రెండు దారులున్నాయి, అవి ఒకే రికార్డు నుంచి వేర్వేరు సంఖ్యలు ఇస్తాయి. రెండింటికీ ఆధారం 1979లో నోల్టే ప్రవేశపెట్టిన జీ-ఫంక్షన్ అనే కాలమానమే. మొదటిది స్పర్శరేఖ పద్ధతి. జీ-కాలాన్ని పీడనపు డెరివేటివ్‌తో గుణించి గీసిన వక్రరేఖకు మూలబిందువు నుంచి సరళరేఖ గీసి, వక్రరేఖ ఆ గీత నుంచి కిందికి విడిపోయే చోటును క్లోజర్‌గా, అంటే పగులు మూసుకున్న చోటుగా తీసుకుంటారు. బారీ, ఆయన సహచరుల కృషి వల్ల ఇది పరిశ్రమంతటా స్థిరపడింది. ఆ వక్రరేఖ గీతకు దిగువన పొట్టలా కుంగితే పగులు ఎత్తు తగ్గుతోందనీ, గీతకు ఎగువన మూపురంలా ఉబ్బితే పీడనాన్ని బట్టి మారే లీకాఫ్ (ద్రవం రాతిలోకి ఇంకడం) ఉందనీ, అంటే సహజ పగుళ్లు తెరుచుకున్నాయనీ ఈ పద్ధతి చదువుతుంది.

రెండోది కంప్లయన్స్ పద్ధతి, 2016లో మెక్‌క్లూర్ బృందం ప్రతిపాదించినది. పగులు గోడలు గరుకుగా ఉంటాయి కాబట్టి అవి పూర్తిగా అతుక్కోకముందే ఒకదాన్నొకటి తాకుతాయనీ, తాకిన క్షణం నుంచి పగులు బిగుసుకుని పీడనం మరింత వేగంగా పడిపోతుందనీ దీని వాదన. అందువల్ల జీ-కాలంతో పీడనం పడే వేగం కనిష్ఠానికి చేరి తిరిగి పెరగడం మొదలైన చోటును తొలి తాకిడిగా గుర్తించి, దాని నుంచి 75 పీఎస్ఐ వరకు తగ్గించి ప్రతిబలాన్ని అంచనా వేస్తారు. మొదటి పద్ధతి ఎత్తు తగ్గుదలగా చదివే ఆ పొట్టే ఈ పద్ధతిలో మామూలు తాకిడికి గుర్తు. రెండు పక్షాల మధ్య అసలు తగాదా ఇదే.

ఈ తేడా ఎంత బరువైనదో ఊహించిన సంఖ్యలతో చూద్దాం. నిలువు లోతు 3,400 మీటర్లు, అంటే దాదాపు 11,155 అడుగులు. నీటి స్తంభం బరువు 4,830 పీఎస్ఐ. వెల్‌హెడ్ దగ్గర ఐఎస్ఐపీ 3,700 పీఎస్ఐ అయితే అడుగున అది 8,530 పీఎస్ఐ. స్పర్శరేఖ పద్ధతి క్లోజర్‌ను 7,300 దగ్గర చూపిందనీ, కంప్లయన్స్ పద్ధతి 7,900 అన్నదనీ అనుకుందాం. మొదటి లెక్కన నెట్ ప్రెజర్ (ఐఎస్ఐపీకీ క్లోజర్‌కూ తేడా) 1,230 పీఎస్ఐ, రెండో లెక్కన 630. పైనున్న అడ్డుపొర ప్రతిబలం 800 పీఎస్ఐ ఎక్కువని లాగ్‌ల (బావిలోకి దించిన పరికరాల రికార్డుల) ద్వారా తెలిసి ఉంటే, మొదటి సంఖ్యను నమ్మిన ఇంజినీరు పగులు ఆ అడ్డుపొరను చీల్చుకుని పైకి పోతుందని పంపింగ్ వేగం తగ్గిస్తాడు, రెండోది నమ్మినవాడు ఆ పని చేయడు. ప్రాపెంట్ విషయంలోనూ ఇంతే. బావి చివరి దశలో అడుగు పీడనం 1,500 పీఎస్ఐకి దిగుతుందనుకుంటే ప్రాపెంట్ మీద పడే భారం ఒక లెక్కలో 5,800, మరో లెక్కలో 6,400. మామూలు ఫ్రాక్ ఇసుకను దాదాపు 6,000 పీఎస్ఐ వరకే నమ్ముతారు. కాబట్టి ఒకే గ్రాఫును ఇద్దరు చదివిన తీరును బట్టి ఒకరు ఇసుక కొంటారు, మరొకరు దానికి ఎన్నో రెట్లు ఖరీదైన సిరామిక్ కొంటారు.

నా ఎంపిక స్పష్టమే. షేల్‌లో, ముఖ్యంగా ఆ పొట్ట ఆకారం కనిపించిన ప్రతి రికార్డులో, నేను కంప్లయన్స్ పద్ధతి సంఖ్యనే డిజైన్‌కు వాడతాను. గరుకు గోడలు ముందుగా తాకుతాయన్న భౌతిక కారణం నాకు బలంగా తోస్తుంది, ప్రాపెంట్ విషయంలో అటువైపు తప్పినా బావికి హాని లేదు. అయితే పగులు నుంచి నీరు వేగంగా ఇంకిపోయే టైట్ శాండ్‌లో వక్రరేఖ గీతనే అంటిపెట్టుకుని సాగి చటుక్కున విడిపోతే రెండు పద్ధతులూ దాదాపు ఒకే చోటికి వస్తాయి, అక్కడ పేచీ లేదు. ఏది వాడినా నివేదికలో రెండు సంఖ్యలూ రాయాలి. పక్క బావిలో ఏ పద్ధతితో తీశారో తెలియని క్లోజర్‌తో పోల్చడం అంటే గజాలను మీటర్లతో పోల్చడమే.

ఐఎస్ఐపీ విషయంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. పంపు ఆగగానే వాటర్ హ్యామర్ (పారే నీరు హఠాత్తుగా ఆగితే పుట్టే పీడన తరంగం) వల్ల పీడనం ఊగుతుంది, బావి దగ్గర వంకరటింకర దారిలో చిక్కిన పీడనం మొదటి కొద్ది నిమిషాల్లో విడిపోతుంది. ఆ ఊపులు చల్లారాక వచ్చే సరళరేఖ భాగాన్ని వెనక్కి పొడిగించి ఐఎస్ఐపీ తీయాలి. క్షితిజ బావి కొనలో చేసిన డీఫిట్‌లో ఈ సమస్య నిలువు బావిలో కంటే ఎక్కువ. పెర్ఫరేషన్ల ఘర్షణ ఎంత, వంకర దారి ఘర్షణ ఎంత అని విడదీసే స్టెప్‌డౌన్ పరీక్షను కొందరు డీఫిట్ చివర కలిపేస్తారు. పెర్ఫరేషన్ ఘర్షణ వేగపు వర్గంతో, వంకర దారి ఘర్షణ వేగపు వర్గమూలంతో మారుతుందన్న తేడా మీద అది పనిచేస్తుంది. అది మంచి పరీక్షే గానీ డీఫిట్‌లో కలపవద్దు. వేగాన్ని మెట్లుగా తగ్గిస్తే ఐఎస్ఐపీ, తొలి నిమిషాల రికార్డు రెండూ కలుషితమవుతాయి. అసలు ఫ్రాక్ రోజున దాన్ని వేరుగా చేయవచ్చు.

క్లోజర్ తరువాతి భాగం నుంచి పోర్ ప్రెజర్ తీయడానికి పీడనాన్ని కాలపు వర్గమూలానికి విలోమంగా గీసి, అనంత కాలానికి పొడిగిస్తారు. లాగ్-లాగ్ పటంపై కాలాన్ని పీడన డెరివేటివ్‌తో గుణించిన రేఖ సరళ ప్రవాహంలో (పగులు ముఖానికి లంబంగా సాగేది) మైనస్ అర వాలుతో, వలయ ప్రవాహంలో (అన్ని దిక్కులా వ్యాపించేది) మైనస్ ఒకటి వాలుతో దిగుతుంది. వలయ ప్రవాహం నిజంగా వస్తే పారగమ్యతను పగులు కొలతలతో పని లేకుండా నేరుగా లెక్కించవచ్చు. నానోడార్సీ షేల్‌లో అది రెండు వారాల్లో రావడం అరుదు. గ్యాస్ షేల్‌లో మైనస్ ఒకటి వాలు కొద్దిసేపు కనిపించి మోసం చేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, కాబట్టి ఆ వాలు చాలాకాలం నిలవకపోతే దానిపై లెక్కలు కట్టవద్దు. సరళ ప్రవాహం నుంచి, పగులు వైశాల్యాన్ని పంపిన నీటి లెక్కతో ఊహించి తీసిన పారగమ్యతను ఒక సంఖ్యగా కాకుండా ఒక పరిధిగా రాయడమే నిజాయతీ.

స్టెప్‌రేట్ పరీక్షలో వేగాన్ని సమాన కాలవ్యవధుల మెట్లుగా పెంచుతూ, పీడనం-వేగం గ్రాఫులో గీత విరిగే చోటును పగులు విస్తరణ పీడనంగా తీసుకుంటారు. అది క్లోజర్‌కు పై హద్దును ఇస్తుంది. పగులు తెరవకముందు నీరు రాతిలోకి ఇంకితేనే మొదటి గీత వస్తుంది. షేల్‌లో నీరు ఇంకదు కాబట్టి ఆ గీతే ఉండదు. బొగ్గు పొరల్లో, కొంత మెరుగైన టైట్ శాండ్‌లో ఇది చక్కగా పనిచేస్తుంది. పంపిన నీటిని వెంటనే స్థిరమైన నెమ్మది వేగంతో వెనక్కి తీసే ఫ్లోబ్యాక్ పరీక్ష క్లోజర్‌ను రోజుల్లో కాక గంటల్లో చూపుతుంది. రిగ్ అద్దె భయపెట్టే చోట అది మంచి ప్రత్యామ్నాయం. అయితే వేగాన్ని స్థిరంగా నిలపగల చోక్ (ప్రవాహాన్ని అదుపు చేసే సన్నని దారి), ఫ్లోమీటరు, వాటిని నడిపే అనుభవజ్ఞుడు లేకపోతే దాని జోలికి పోవద్దు, వేగం ఊగితే క్లోజర్‌ను సూచించే వంపు ఆ ఊగులాటలోనే కలిసిపోతుంది. అసలు ఫ్రాక్‌లో వాడే జెల్‌తోనే ముందురోజు చేసే మినీఫ్రాక్ సంగతి వేరు. అది ద్రవ సామర్థ్యం చెబుతుంది: క్లోజర్ దగ్గర జీ విలువను, అదే విలువకు 2 కలిపిన మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఆ సామర్థ్యం. జీ 2 దగ్గర మూసుకుంటే సామర్థ్యం 50 శాతం, అంటే సగం ద్రవం రాతిలోకి పోయింది, ప్యాడ్ (ప్రాపెంట్ కలపకముందు పంపే ద్రవం) పెంచుకోవాలి. జెల్ వాడే టైట్ శాండ్‌కు ఇది తప్పనిసరి, పలుచని నీటితో చేసే షేల్ ఫ్రాక్‌కు దీనివల్ల పెద్ద ప్రయోజనం లేదు.

ఫ్రాక్ అయ్యాక ఎంపిక బిల్డప్‌కూ ఆర్‌టీఏకూ మధ్య, అంటే ఉత్పత్తి వేగం, పీడనం రెండింటినీ కలిపి విశ్లేషించే పద్ధతికీ మధ్య. ఆర్‌టీఏకు బావిని మూయనక్కర్లేదు, రోజువారీ రికార్డు చాలు. వేగంతో భాగించిన పీడన తగ్గుదలను కాలపు వర్గమూలంతో గీస్తే షేల్ బావిలో నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి సరళరేఖ వస్తుంది. ఆ వాలు ఇచ్చేది పగులు వైశాల్యం, పారగమ్యత వర్గమూలం, ఈ రెండింటి లబ్ధాన్ని మాత్రమే. వాటిని విడదీయడం ఆ రికార్డు వల్ల కాదు. డీఫిట్ ఇచ్చిన పారగమ్యత ఇక్కడే పనికొస్తుంది: అందులో నాలుగు రెట్ల తప్పు ఉంటే వైశాల్యంలో రెండు రెట్ల తప్పు, వంద రెట్ల తప్పు ఉంటే పది రెట్ల తప్పు. ఈ సరళ ప్రవాహ కాలంలో ఆర్ప్స్ 1945లో ఇచ్చిన ఉత్పత్తి క్షీణత సమీకరణాన్ని బిగిస్తే ఘాతాంకం 2 దగ్గరకు వస్తుంది. దాన్ని అలాగే ముప్పై ఏళ్లకు పొడిగించి నిల్వలు ప్రకటిస్తే ఆ సంఖ్యలు నిలబడవు. సరళరేఖ వంగడం మొదలయ్యాకే, అంటే పక్కపక్క పగుళ్లు ఒకదాని పరిధిలోకి మరొకటి వచ్చాకే, నిల్వల అంచనాకు గట్టి ఆధారం దొరుకుతుంది.

మన దేశంలో ఈ పరీక్షలు చాలామంది ఇంజినీర్లకు మొదట ఎదురయ్యేది షేల్‌లో కాదు, బొగ్గు పొరల్లో. రాణిగంజ్‌లో 2007లోనే కోల్‌బెడ్ మీథేన్ వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. అదే పరిసరాల్లో, దుర్గాపూర్ దగ్గరి ఇచ్ఛాపూర్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావి నుంచి 2011 జనవరిలో షేల్ గ్యాస్ వచ్చింది. రెండూ ఒకే జిల్లా పొలాల కింద ఉన్నా పరీక్షలు ఒకటి కావు. బొగ్గులోని సన్నని చీలికలు నీటితో నిండి ఉంటాయి, పారగమ్యత మిల్లీడార్సీల్లో ఉండవచ్చు. కాబట్టి అక్కడ పగులు పీడనానికి దిగువనే ఉండి నీరు పంపి, ఆపి చూసే ఇంజెక్షన్-ఫాలాఫ్ పరీక్ష ఒకటి రెండు రోజుల్లోనే మంచి పారగమ్యతను ఇస్తుంది. పొరపాటున పీడనం పగులు హద్దు దాటితే ఆ పరీక్ష సరైన ఫాలాఫూ కాదు, సరైన డీఫిటూ కాదు. అందువల్ల ముందుగా పక్క బావిలో స్టెప్‌రేట్ చేసి ఆ హద్దు తెలుసుకోవాలి.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో పని చేసేవారికి ఎంపిక మరికొంత వేరుగా ఉంటుంది. రాఘవాపురం షేల్, కొమ్ముగూడెం బొగ్గు-షేల్ పొరలకు డీఫిట్ సరైన ఆరంభం. మండపేట ఇసుకరాయి గట్టిదే గానీ షేల్ కాదు. అక్కడ కొత్త బావికి ఫ్రాక్‌కు ముందు అడుగు గేజితో ఏడు నుంచి పది రోజుల డీఫిట్, ఫ్రాక్ ముందురోజు అదే జెల్‌తో మినీఫ్రాక్, ఆ తరువాత తొలిరోజు నుంచే అడుగు పీడనంతో సహా ఉత్పత్తి రికార్డు, ఈ వరుసనే నేను సూచిస్తాను. బిల్డప్ కోసం ప్రత్యేకంగా బావి మూయమని అడగను. గ్యాస్ ప్లాంటును మరమ్మతులకు ఆపే రోజులు ఏటా ఎలాగూ వస్తాయి, ఆ తేదీ ముందుగానే తెలుస్తుంది. ఆపడానికి వారం ముందు గేజిని అడుగుకు దించి, వేగాన్ని మార్చకుండా పారించి, ప్లాంటు మూసిన గంటను, నిమిషాన్ని ఖచ్చితంగా రాసుకుంటే పది రోజుల బిల్డప్ దొరుకుతుంది, దానికయ్యేది గేజి అద్దె, వైర్‌లైన్ వాళ్ల (తీగపై గేజిని దించేవాళ్ల) రెండు రోజుల కూలి మాత్రమే.